ఏడో సాలు నీళ్లు

వఫ్రా, 23 మే 2025

సలాం చిన్నమ్మా,

ఈ రోజు శుక్రవారం, మీ యజమానురాలు మామా నీకు ఫోను చేతికిచ్చే రోజు. అందుకే పొద్దున్నే రాసి పెడతాండా. వాయిస్ పెట్టు అంటావు నువ్వు. రూములో ఆరుగురం ఉండాం, వాళ్లు ఇంటాంటే నాకు నోరు పెగల్దు. ఒక్కొక్క అక్షరం ఏలుతో ఒత్తుకుంటా రాస్తాండా. ఏడో తరగతిలో బడి మానినోణ్ణి, తప్పులుంటే నువ్వే సర్దుకొని చదువుకో.

నేను బాగుండా. వచ్చి ఏడు నెలలాయె. నువ్వు జహ్రాలో, నేను వఫ్రాలో, ఒకే అరబ్బు దేశంలో ఉండి ఇంకా మొగాలు చూసుకోలేదు. అయినా రోజూ అన్నం తినేటప్పుడు నువ్వు గుర్తొస్తావు. రెండేండ్లు మీ మామాను బతిమాలి, ఆమె తమ్ముడు అబూ ఫహద్ తోటలో నాకు వీసా ఇప్పించినావు. అది మర్చిపోతే నేను మనిషిని కాదు.

ఇక్కడ కొత్త సంగతి ఒకటి జరుగుతాంది. జపాన్ నుంచి నిషిదా అని ఒక సారు వచ్చినాడు. తల సగం నెరిసింది, చొక్కా మాత్రం నలగదు. ఆయన కంపెనీ ఒక షీటు చేసింది. పాలిథీన్ కవరు మాదిరే ఉంటాది కానీ కవరు కాదు. దాని కింద నీళ్లు పారితే షీటు రోంత రోంత పీల్చుకుంటాది. పైన టమాటా చెట్టు మట్టి లేకుండానే పెరుగుతాది. ఈ ఎండలో, ఇంత తక్కువ నీళ్లతో పండితే అది పెద్ద గొప్ప అంట. మా గ్రీన్‌హౌసులో పది సాళ్లు వేసినారు. ఏడో సాలు నాది.

చిన్నమ్మా, పదింట్లో నా సాలే పచ్చగా ఉంది. మిగతావి మధ్యానానికి తలకాయలు వాల్చేస్తాయి. సారు నా సాలు కాడ నిలబడి ఫోటో తీసుకున్నాడు. నా పేరు అడిగి బుక్కులో రాసుకున్నాడు. నాకు సిగ్గై పైపు చాటుకు పోయినా.

ఎందుకు పచ్చగా ఉందో నీకు మాత్రం చెప్తా. మిద్దె మీద ట్యాంకులో నీళ్లు పన్నెండుకల్లా సలసల కాగుతాయి. మనం గీజరు ఆపేసి దాంట్లో నీళ్లే చల్లనివని పోసుకుంటాం చూడు, అంత ఎండ. ఆ నీళ్లు చెట్టుకు పోస్తే ఏమైతాది? అందుకే తెల్లారుజామున డ్రమ్ము నింపి, తడి గోనె పట్టలు చుట్టి, కూలరు పక్కన పెడతా. మధ్యానం నా సాలుకు కొళాయి కట్టేసి డ్రమ్ము నీళ్లు వదులుతా. సారు కాగితంలో రాసిచ్చింది ఎంత నీళ్లో అంతే, ఒక్క లీటరు ఎక్కువ పోయను. మా ఊర్లో అయినా ఇట్లనే చేసేవాణ్ణి. సారు పొద్దున వచ్చి పదకొండుకల్లా పోతాడు, ఆయనకు తెలీదు. చెప్పేంత నోరు నాకు యాడుంది.

అక్టోబర్‌లో నా ఇఖామా అయిపోతాది. మళ్లా కొట్టిస్తేనే ఈ దేశంలో ఉంటా. చెట్లు బాగుంటే అబూ ఫహద్ కొట్టిస్తాడని ఆశ.

వేళకు తిను.
ఖలందర్


జహ్రా, 30 మే 2025

నాయనా ఖలందర్,

అల్లా నిన్ను సల్లగా చూడాల. నీ రాత గబగబా చదివినా. మొదట సంతోషం, తర్వాత భయం.

ఒరే, కాగితంలో కొళాయి అని రాసుంటే కొళాయి తిప్పాల. డ్రమ్ము అని యాడన్నా రాసుందా? నేను ఈ ఇంట్లో పద్నాలుగేండ్లు చేసినా. వచ్చిన ఏడాది ఇంటి పెద్దామె చాయ్‌లో చక్కెర తగ్గించినా, ఆమెకు షుగరు ఉందని పాపం తలిచి. మూడు నెలలు ఆ మాటే ఇనబడింది, నీకెవరు చెప్పినారు, నువ్వు డాక్టరువా అని. ఆ రోజు నుంచి ఉప్పు ఎక్కువైందని నాకు తెలిసినా, చెప్పినట్ల చేసినా మామా అంటా. ఈ దేశంలో మన మంచితనం మనకే చుట్టుకుంటాది.

ఇంకొకటి. ఆ జపానాయన బుక్కులో నీ పేరు ఎందుకు రాసుకున్నాడు? చిన్నపిల్లోడివి, నీకు తెలీదు. పెద్దోళ్లు పేరు రాసుకునేది రెండిటికే, జీతం ఇచ్చేదానికి, లేదంటే ఇంటికి పంపేదానికి. జీతం ఇచ్చేది ఆయన కాదు.

ఆ డ్రమ్ము ఈ రోజే పక్కకు పెట్టు. అందరి సాళ్లు ఎట్లుంటే నీదీ అట్లే ఉండనీ. నువ్వు ముందు నుంచి అట్లే, చుట్టాలొస్తే మంచం కింద దూరేవాడివి, పని మాత్రం ఎవరూ చెప్పకనే చేసేవాడివి. ఇప్పుడు ఆ మంచం కింద ఉండేదే మంచిది. గమ్మున ఉండు.

నీ మీద కోపం లేదు సామీ. నువ్వు బాగుండాలనే. పెరుగన్నం తిను, ఎండకు నెత్తిన గుడ్డ కట్టుకో.

మౌలాబీ చిన్నమ్మ


వఫ్రా, 13 జూన్ 2025

సలాం చిన్నమ్మా,

బక్రీదుకు నువ్వు ఆ ఇంటి డ్రైవరు చేత పంపించిన బట్టలు అందినాయి. చొక్కా సరిగ్గా సరిపోయింది. కొలత ఎట్ల తెలిసిందో. శానా థ్యాంక్స్.

నువ్వు చెప్పినట్లే డ్రమ్ము నీళ్లు మానేసినా. పద్నాలుగు రోజులైంది. నా సాలు ఎండిపోతాంది. కింద ఆకులు పసుపు పచ్చగా అయ్యి రాలిపోయినాయి. నిషిదా సారు ఇప్పుడు ఏడో సాలు కాడే కూచుంటాడు. షీటు అంచు ఎత్తి చూస్తాడు, మళ్లా పరుస్తాడు, మళ్లా ఎత్తుతాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అదే నాకు భయం. అరిస్తే ఒక తూరి తల వంచుకుంటాం, అయిపోతాది.

నిన్న ఆయన ఫోను నా ముందర పెట్టినాడు. ఆయన జపాన్ భాషలో మాట్లాడితే ఫోను తెలుగులో పలుకుతాది. అది ఎట్లా తెలుగనుకున్నావు, "దయచేసి తెలియజేయండి, ఈ వరుసయందు ఏదేని మార్పు సంభవించినదా" అంటాది. మా రూములో ఉండే రాయచోటి చిన్నపుల్లయ్యన్న పక్కనుండి, "ఈ ఫోను పోయిన జన్మలో హరికథ చెప్పేది రా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను మాత్రం లేదు అని తలకాయ ఊపినా. చిన్నమ్మా, అది అబద్ధం. నోటితో చెప్పకపోయినా అబద్ధమే.

చిన్నపుల్లయ్యన్న రాత్రి అన్నం కాడ అసలు సంగతి చెప్పినాడు. నాకు ఇంతవరకూ తెలీదు. పది సాళ్లలో షీట్లు ఒకటే కాదంట. ఒక్కొక్క సాలుకు ఒక్కొక్క రకం. ఈ ఎండకు ఏది నిలబడుతుందో చూసేదానికే ఇంత దూరం వచ్చి వేసినారు. మే నెలలో నా సాలు పచ్చగా ఉంటే, ఏడో రకం షీటే గట్టిదని సారు జపాన్‌కు రిపోర్టు పంపినాడంట. దాన్ని చేసేదానికి పెద్ద మిషన్ ఆర్డరు పెట్టబోతాండారంట.

ఇన్నాళ్లూ చెట్టు బతికించేదే పని అనుకున్నా. ఇది పరీక్ష, చావాల్సిన చెట్టును చావనియ్యాల అని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గట్టిది షీటు కాదు, నా డ్రమ్ము.

సారుకు చెప్పాలనుంది. నువ్వు సరే అంటేనే చెప్తా. నీ పేరుతోనే కదా నేను ఈడ ఉండేది.

ఖలందర్


జహ్రా, 20 జూన్ 2025

నాయనా,

వద్దు. ఆ షీటు పాడైతే పాడైంది, తప్పు షీటు మీద పోనీ. షీటుకు ఇఖామా లేదు, నీకుంది.

నువ్వు ఊరికే ఉండలేవని నాకు తెలుసు. అందుకే ముందే ఒక పని చేసినా. నిన్న మామా మంచిగా ఉండే వేళ చూసి కాళ్ల కాడ కూచొని చెప్పినా. మా పిల్లోడు తెలీక చెట్లకు కాగే నీళ్లు పోసి తప్పు చేసినాడు, మీ తమ్మునితో మాట్లాడి వాణ్ణి ఇంటికి పంపకుండా చూడండి మామా అని. ఆమె ఫోను తీసుకుంది. చూస్తానని చెయ్యి ఊపింది. ముందే చెప్పుకుంటే కోపం తగ్గుతాది కదా. నేను సర్ది పెట్టినా, నువ్వు భయపడకు.

పిల్లలకు సెలవలు, పని ఎక్కువ, ఇంతకన్నా రాసేదానికి లేదు. ఊర్లో మీ అమ్మకు ఇవేవీ చెప్పొద్దు. చెప్తే నిద్ర పోదు.

మౌలాబీ చిన్నమ్మ


వఫ్రా, 24 జూన్ 2025

చిన్నమ్మా,

నువ్వు దీన్ని శుక్రవారం చదువుతావు. చదివి ఏడవద్దు. చివర దాకా చదువు. నేను ఈడనే ఉండా.

నువ్వు సంగతి తిరగేసి చెప్పినావు. కాగే నీళ్లు ట్యాంకువి. నేను పోసింది చల్లటివి. మీ మామా తమ్మునికి ఏమని చెప్పిందో, ఆయన ఆదివారం మధ్యానం పన్నెండుకు బండి దిగినాడు. వెనకాలే నిషిదా సారు. "నీళ్లు కాగబెట్టి చెట్లకు పోసినావా, జపానోళ్ల ముందర నా పరువు తీసినావా, యల్లా, సామాను సర్దుకో" అన్నాడు. అరబ్బీలో అన్నా అంతా అర్థమైంది. చిన్నపుల్లయ్యన్న ఏదో చెప్పబోతే నోరు మూయమన్నాడు.

కాళ్లు రూము పక్కకు తిరిగినాయి. అప్పుడు ఏమైందో, నిషిదా సారు చెయ్యి పట్టుకున్నా. పెద్దాయన, నేను ఎప్పుడూ ఆయన దగ్గరికి కూడా పోలేదు. చెయ్యి పట్టుకొని ఏడో సాలు కాడికి తీసుకపోయి, కొళాయి తిప్పి, ఆయన చెయ్యి కింద పెట్టినా.

ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చేతి ఏళ్లు ఎర్రగా అయినాయి. మళ్లా తనంతట తనే పెట్టి చూసినాడు. తర్వాత నేను పోయి డ్రమ్ము, గోనె పట్టలు తెచ్చి ముందర పెట్టినా.

ఆయన నేల మీద కూచున్నాడు, నన్నూ కూచోమన్నాడు. ఫోను మధ్యలో పెట్టినాడు. ఎందుకు వేరే నీళ్లు పోసినావు అని అడిగినాడు. ట్యాంకు నీళ్లు కాలుతాయి అన్నా. ఎందుకు కాలుతాయి? ట్యాంకు ఎండలో ఉంది, నీడ లేదు. మాకు ఎందుకు చెప్పలేదు? భయం. ఎందుకు భయం? ఇఖామా పోతాది, చిన్నమ్మకు మాట వస్తాది. నేను పోలీసోళ్లు అడిగినట్లు అనుకున్నా చిన్నమ్మా. ఒక్కొక్క ఎందుకుకీ ఇంకా కిందికి దిగబడుతాండా అనుకున్నా.

ఐదోది అడిగినాడు. చెప్తే ఇఖామా పోతుందని ఎందుకు అనుకున్నావు?

నేను అబూ ఫహద్ వైపు చూసినా అంతే. అబూ ఫహద్ ట్యాంకు పక్కకు చూసినాడు. నిషిదా సారు ఫోను కాడికి వంగి ఏదో అన్నాడు. ఫోను చెప్పింది, "ఐదవ ప్రశ్నకు సమాధానము మీ వద్ద లేదు. అది మా వద్ద ఉన్నది." ఈ తూరి చిన్నపుల్లయ్యన్న కూడా నవ్వలేదు.

లేచి నడుం వంచి నాకు దండం పెట్టినట్లు నిలబడినాడు. నేను కూడా ఏం చెయ్యాలో తెలీక వంగినా. ఇద్దరం అట్ల వంగి ఉంటే అబూ ఫహద్ తలపాగా సర్దుకున్నాడు.

సారు ఆడనే నిలబడి జపాన్‌కు ఫోను చేసినాడు. తర్వాత నాకు చెప్పినాడు, మే నెల రిపోర్టు తప్పు, మిషన్ ఆర్డరు ఆపండి అని చెప్పినాడంట. నీళ్లు ఎంత పోయాలో రాసినాను, చెయ్యి పెట్టి చూడలేదు, ఆ తప్పు నాది అని కూడా చెప్పినాడంట. సారూ నీ ఉద్యోగం పోదా అని అడిగినా. అంత మాట నేనే అడిగినానంటే నాకే నమ్మకం లేదు. దాచిపెట్టి ఉంటే పోయుండేది అన్నాడు.

అబూ ఫహద్ సామాను సర్దుకోమన్న మాట మళ్లా అనలేదు. ఉండమనీ అనలేదు. అక్టోబర్‌లో చూద్దాం అని బండెక్కినాడు.

నువ్వు నా మంచికే చెప్పినావు. నాకు అది తెలుసు. నువ్వు చెప్పకపోతే ఆయన ఆ వేళకు వచ్చేవాడు కాదు, సారు చెయ్యి ఆ కొళాయి కింద పడేది కాదు. నేనైతే అక్టోబర్ దాకా చెప్పాలని అనుకుంటానే ఉండేవాణ్ణి.

ఖలందర్


జహ్రా, 27 జూన్ 2025

నాయనా ఖలందర్,

ఏడవద్దన్నావు. వంటింట్లో ఉల్లిగడ్డలు ముందర పెట్టుకొని చదివినా, ఎవరన్నా అడిగితే చెప్పేదానికి.

నా చేత్తో నీ మూట నేనే కట్టబోయినా. చదివేటప్పుడు మామా నిలబడి తొందర పెడుతుంటే సగం చదివి సగం ఊహించుకున్నా. చిన్నమ్మను మన్నించు.

కానీ ఒక మాట. పెద్దోడు చిన్నోడికి వంగేది నేను పద్నాలుగేండ్లలో చూడలేదు. ఎందుకు వంగినాడో ఏమో. ఆయన ఏదన్నా కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. తప్పంతా నీదే అని రాసుంటాది. నీకు ఆ భాష చదవను రాదు కదా అని పెట్టిస్తారు.

ఆయన మంచోడే అయితే అల్లా నా అనుమానాన్ని మన్నించాల.

మౌలాబీ చిన్నమ్మ


వఫ్రా, 25 జులై 2025

సలాం చిన్నమ్మా,

కాగితం పెట్టినాడు, సంతకం కూడా పెట్టినా. కోప్పడొద్దు, ఇను.

అది ఫిర్యాదు కాదు. గ్రీన్‌హౌసు వాకిట్లో ఒక డబ్బా పెట్టినారు. రోజుకు ఒక చీటీ, కింద సంతకం పెట్టి వెయ్యాల. ఈ రోజు ఏం చూసినావు, ఏం తప్పు జరిగింది, ఎట్ల చేస్తే బాగుంటాది, అంతే. ఏ భాషలో అయినా రాయొచ్చు, రాయను రాకుంటే బొమ్మ వెయ్యొచ్చు. జపాన్‌లో వాళ్ల ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు నుంచి ఊడ్చే ఆయమ్మ దాకా అందరూ వేస్తారంట. కొత్త సరుకులు చానా మటుకు అట్లనే పుట్టినాయంట. విచిత్రం ఏందంటే, ప్రతి చీటీకి మరుసటి రోజు జవాబు వస్తాది. పనికి రాని చీటీకి కూడా ఎందుకు పనికి రాదో రాస్తాడు. చిన్నపుల్లయ్యన్న ఎగతాళికి, "బిర్యానీ లేదు, అది తప్పు" అని వేసినాడు. "గురువారము" అని జవాబొచ్చింది. గురువారం నిజంగానే వచ్చింది. అప్పటి నుంచి అన్న రోజుకు మూడు వేస్తాండాడు.

పొద్దున ఆరుకు అందరం గుండ్రంగా నిలబడతాం. ఒక్కొక్కరూ నిన్న జరిగిన తప్పు ఒకటి చెప్పాల. నా వంతు వస్తే నేల చూసుకుంటా నిలబడతా. పది రోజులు ఒక్క మాట అనలేదు. ఆయన చెప్పు చెప్పు అనలేదు, నవ్వలేదు, దాటేసి పోలేదు. ఊరికే నిలబడి ఉంటాడు, నేను తలకాయ ఊపినంక పక్కవాని తట్టు చూస్తాడు. పదకొండో రోజు, నిన్న మూడు గంటల కొళాయి పది నిమిషాలు లేటు చేసినా అన్నా. థ్యాంక్యూ అన్నాడు. తప్పు చెప్తే థ్యాంక్యూ. ఆ రోజంతా నాకు పని చేసినట్లే లేదు.

ఇప్పుడు కొత్త మొక్కలు పెట్టి మళ్లా మొదటి నుంచి పరీక్ష. ప్రతి షీటుకూ సగం సాలు చల్ల నీళ్లు, సగం సాలు ట్యాంకు నీళ్లు. ట్యాంకు నీళ్ల తట్టు చెట్లను నేను తాకకూడదు. అది చానా కష్టం చిన్నమ్మా. కళ్ల ముందర వాలిపోతాంటే, పక్కనే చల్ల నీళ్ల డ్రమ్ము ఉంటే, చేతులు ఊరికే ఉండవు. ఒక రోజు మగ్గు ముంచినా కూడా. మళ్లా డ్రమ్ములోనే పోసినా, ఆ సంగతి చీటీలో రాసినా. జవాబు వచ్చింది, "ఈ చెట్టు ఏ రోజు పోయిందో రాయండి. అది తెలిస్తే షీటు చేసేవాళ్లు ఎక్కడ సరి చేయాలో తెలుసుకుంటారు. అది కూడా చెట్టును చూసుకోవడమే." అది చదివినంక చేతులు నిలబడినాయి.

ఇంకా అసలైంది చెప్పలేదు. మూడో సాలు గుర్తుందా, నీకెట్ల గుర్తుంటుంది లే, నేను చెప్పలేదు. అందరూ అది పనికి రాదన్న షీటు, మధ్యానం వాలుతాది, కాయ చిన్నదని. ఇప్పుడు కాగే నీళ్లలో కూడా నిలబడింది అదొక్కటే. ఏడోది నాలుగో రోజుకు పోయింది. మూడోది ఇరవై రోజులైనా పచ్చగుంది. సారు దాని కాడ కూచొని నవ్వినాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటి తూరి చూడడం. ఆపినందుకు థ్యాంక్స్ అని జపాన్ ఫ్యాక్టరీ వాళ్లు రాసి పంపినారు. తప్పు మిషన్ కొనుంటే రెండేండ్లు వెనక పడేవాళ్లం అని.

ఇంతా అయినా ఇఖామా సంగతి అబూ ఫహద్ ఎత్తలేదు. చిన్నపుల్లయ్యన్న, "జపానాయన పోతాడు, అబూ ఫహద్ ఉంటాడు, అది మర్చిపోవద్దు" అంటాడు. నిజమే. అది తలుచుకుంటే అన్నం దిగదు. కానీ ఇంటికి పంపినా సరే, నువ్వు ఈ చోటికి తెచ్చినందుకు నేను ఈ నెల రోజులు మర్చిపోను.

ఖలందర్


జహ్రా, 1 ఆగస్టు 2025

నాయనా,

సంతకం పెట్టినావని చదివి గుండె ఆగింది, తర్వాత మళ్లా కొట్టుకుంది. నీకు చిన్నమ్మ మాట లెక్కలేదు, మంచిదే అయింది.

నేనూ ఒక పని చేసినా. ఐదు వారాలుగా గొంతులో ముల్లు మాదిరి ఉండింది. ఈ పొద్దు మామా చాయ్ తాగేటప్పుడు చెప్పేసినా. మామా, జూన్‌లో నేను తప్పు చెప్పినా. మా పిల్లోడు కాగే నీళ్లు పోయలేదు, చల్లటివి పోసినాడు. కాగేవి మీ తమ్ముని ట్యాంకువి. నేను సరిగ్గా చదవకుండా మీకు చెప్పినా.

ఆమె కప్పు కింద పెట్టింది. నేను నా మూట మనసులోనే కట్టుకున్నా. "పద్నాలుగేండ్లలో నువ్వు నాకు తప్పు అని చెప్పింది ఇదే మొదటిసారి మౌలాబీ" అన్నది. కోపమో కాదో తెలీలేదు. మళ్లా చాయ్ తాగింది. తర్వాత, "మరి మా ఇంట్లో తప్పులే జరగలేదా ఇన్నేండ్లు" అన్నది. నేను కప్పు తీసుకొని వంటింట్లోకి పోయినా. అంత ధైర్యం ఇంకా రాలేదు.

తమ్మునికి ఫోను చేసింది, ఏం మాట్లాడుకున్నారో, తలుపు ఏసుకుంది. నాకు తెలిసింది అంతే. నమాజులో నీ ఇఖామా కోసం అడుగుతాండా.

మౌలాబీ చిన్నమ్మ


వఫ్రా, 10 అక్టోబర్ 2025

సలాం చిన్నమ్మా,

కూచొని చదువు, మంచి సంగతే.

నిషిదా సారు మంగళవారం జపాన్ పోయినాడు. పోయే ముందు రోజు రిపోర్టు అచ్చు వేసి తెచ్చినాడు. అబూ ఫహద్ వచ్చినాడు, మా అందరినీ నిలబెట్టినారు. మొదటి పేజీలో షీటు గొప్పలు రాసుంటాయని అనుకున్నా. కాదు. మొదటి పేజీలో తప్పులు. అట్లనే రాస్తారంట వాళ్లు, తర్వాత వచ్చేవాళ్లు మళ్లా అదే గుంతలో పడకుండా. సారు ఇంగ్లీషులో చదివితే చిన్నపుల్లయ్యన్న తనకు తెలిసిన కాడికి మాకు చెప్పినాడు.

ఒకటి. నీళ్ల వేడి కొలవకుండా పరీక్ష మొదలుపెట్టినాను, నిషిదా. రెండు. ఇది పరీక్ష అని పని చేసేవాళ్లకు చెప్పలేదు, నిషిదా. మూడు. చెప్పకుండా వేరే నీళ్లు పోసినాడు, ఖలందర్. దాని కింద, తనే చూపించినాడు, అందువల్ల మూడో షీటు దొరికింది, ఖలందర్. నా పేరు రెండు తూర్లు ఉంది. మూడు భాషల్లో ఉంది, తెలుగులో కూడా. తెలుగు పేరు కింద నా చేతే సంతకం పెట్టించినాడు.

అబూ ఫహద్ ఆ పేజీ చేతికి తీసుకొని చానాసేపు చూసినాడు. ఆయన పెన్ను అడిగినాడు. "నాది యాడుంది" అన్నాడు. సారుకు అర్థం కాలేదు. "ట్యాంకు చవకగా వస్తుందని నీడ లేకుండా పెట్టించింది నేను. పిల్లోడు నాకు చెప్పడానికి భయపడినాడు, అది కూడా నాదే. అవి రాయకపోతే ఈ కాగితం తప్పు." కింద నాలుగోదని అరబ్బీలో రెండు లైన్లు తనే రాసి, సంతకం పెట్టినాడు. రాసి నా తట్టు చూడకుండానే, "పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఉన్నాయా నీ దగ్గర" అన్నాడు. ఇఖామాకు చిన్నమ్మా. రెండేండ్లకు. నిన్న కొట్టించినారు.

వచ్చే వారం ట్యాంకు భూమిలో దించుతారు. మూడో షీటుకు జపాన్‌లో మిషన్ ఆర్డరు పెట్టినారు. మొదటి సరుకు మళ్లా వఫ్రాకే వస్తాదంట, పరిచేది నేను, చీటీలు రాసేది నేను. జనవరిలో సారు వస్తాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇద్దరికి షీటు ఎట్ల పరవాలో నేనే నోటితో చెప్తాండా. గొంతు సన్నగా వస్తాది, వాళ్లు ముందుకు వంగి ఇంటారు.

సారు పోయేటప్పుడు ఫోను లేకుండా, తెలుగులో, నేర్చుకొని వచ్చి చెప్పినాడు, "నువ్వు చెప్పినావు. మేలు." నేను ఆయన మాదిరే నడుం వంచినా. నీకు చెప్పాల్సింది కూడా అదే, మేలు. నా నోరు తెరుచుకున్న కాడికి దారి నువ్వే వేసినావు, నన్ను గమ్మున ఉంచాలని అనుకుంటానే. నీకు నేను శానా రుణపడి ఉండా.

ఆ పేజీ ఫోటో కింద పంపిస్తాండా. దాచుకో.

ఖలందర్


జహ్రా, 17 అక్టోబర్ 2025

నాయనా ఖలందర్,

ఫోటో పెద్దది చేసి చూసినా. మామాకు కూడా చూపించినా. తమ్ముడు రాసిన రెండు లైన్లు ఆమె గట్టిగా చదివి నాకు అర్థం చెప్పింది. చదివినంక కళ్లద్దాలు తుడుచుకుంది, నేను చూడనట్లు గిన్నెలు సర్దినా.

ఇఖామా సంగతి తెలిసినాక రెండు రకాతులు నమాజు చేసి అన్నం తిన్నా. మీ అమ్మకు ఇప్పుడు అంతా చెప్పు, ఒక్కటీ దాచొద్దు.

అయితే ఆ కాగితంలో ఇంకా ఒకటి తక్కువైంది. జనవరిలో సారు వచ్చినప్పుడు కింద రాయించు. ఐదోది. నీళ్ల సంగతి సగం చదివి, తిరగేసి చెప్పింది, గమ్మున ఉండమని పిల్లోడి నోరు కట్టింది, మౌలాబీ, జహ్రా. సంతకానికి నేనే వస్తా. మామాను అడిగినా, ఆ రోజు బండి ఇస్తానంది.

చిన్నమ్మ